అనువృత్తియు నివృత్తియు: పరిశోధన పరిత్యాగ విచారము

విశ్వవిద్యాలయమునఁ బరిశోధకుఁడుగాఁ జేరినవాఁడు సిద్ధాంతగ్రంథమును ముగింపకయే మఱియొక త్రోవఁ ద్రొక్కుట నేఁటి విద్యాలోకమునఁ దఱచుగా వినవచ్చు విషయము. ఇట్టివానిని గూర్చి లోకము రెండు తీర్పులు చెప్పుచున్నది. ఆరంభించినదానిని ముగింపలేనివాఁ డని కొందఱు నిందింతురు. శుష్కపాండిత్యమును వదలి జీవితమును వరించిన ధీరుఁ డని కొందఱు పొగడుదురు. రెండును విచారణ లేక వెలువడిన తీర్పులే. ఏలయన, విడిచినవాఁడు దేనిని విడిచెను, దేనిని విడువఁడయ్యె నను విభాగము వీనియందుఁ జేయఁబడలేదు. పట్టము వేఱు, పరిశోధనము వేఱు. మొదటిది విశ్వవిద్యాలయ మిచ్చునది. రెండవది జిజ్ఞాస పుట్టించునది. ఈ రెంటికిని గల సంబంధమును తెలుఁగు సాహిత్యచరిత్రమునఁ గొందఱి జీవితములను, కృతులను బట్టి నిర్ణయించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ప్రశ్నస్వరూపము

ప్రశ్నము ప్రాచీనమే గాని దాని వేషము క్రొత్తది. గురుకులమున శాస్త్రాధ్యయనమునకుఁ గాలపరిమితి లేదు. శిష్యుఁడు గురువు చాలు ననువఱకుఁ జదివెడివాఁడు. ఇంటి యవసరము పిలిచిననాఁడు లేచి పోయెడివాఁడు. పోయినవానిని ‘మానివేసినవాఁ’ డని పట్టికలో వ్రాయువారు లేరు. నేఁడు పరిశోధనము లెక్కలకుఁ గట్టువడినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో వెలువరించిన నిబంధనల ప్రకారము డాక్టరేటు పరిశోధనకుఁ గనీసకాలము 3 సంవత్సరములు, పరమావధి 6 సంవత్సరములు. పునర్నమోదుచే మఱి 2 సంవత్సరముల గడువు దొరకవచ్చును. జాతీయపరీక్షలో నెగ్గి పరిశోధక వేతనమునకు నెన్నికైనవారికి 2023 జనవరి మొదలు తొలిదశలో నెలకు 37,000 రూపాయలును, తరువాతిదశలో 42,000 రూపాయలును నిర్ణయింపఁబడినవి. నెగ్గనివారి స్థితి వేఱు. వారిలోఁ బెక్కురు పగలు పాఠములు చెప్పి రాత్రి వ్యాసములు వ్రాయువారు. మఱియు 2023 జూలైలో సహాయాచార్యపదవికి డాక్టరేటు తప్పనిసరి గాదనియు, నెట్టు మొదలగు పరీక్షలలో నుత్తీర్ణత కనీసార్హత యనియు నిర్ణయించిరి. ఇందుచేఁ బట్టమునకును ఉద్యోగమునకును గల ముడి కొంత సడలినది. ముడి సడలినకొలఁది మూలప్రశ్నము గట్టిపడినది: ఉద్యోగమునకుఁ దప్పనిసరి కానిచో నీ యాఱేండ్లు దేనికొఱకు?

ఈ యంకెలు పట్టణమున నొక తీరుగను, పల్లెయందు వేఱొక తీరుగను దోఁచును. నూజివీటి మామిడిసీమలోని ఆగిరిపల్లిని దృష్టాంతముగాఁ గైకొనవచ్చును. శోభనాద్రిపై నరసింహస్వామి వెలసిన యీ గ్రామము చిరకాలము కృష్ణామండలమున నుండి 2022లో ఏలూరు జిల్లాలోఁ జేరినది. చుట్టును రసములు, బంగినపల్లి, కలెక్టరు మొదలగు జాతుల మామిడితోఁటలు. నూజివీట 2008లో నెలకొన్న రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవతరగతి ముగించిన పల్లెబిడ్డలను ఆఱేండ్ల చదువునకుఁ దీసికొనుచుండుటచే, ఆ ప్రాంతమునఁ బెద్దచదువు దూరపుమాట గాదయ్యెను. ఇట్టి చోటఁ బుట్టి, మెట్టుమెట్టుగా నెక్కి, హైదరాబాదునకో తిరుపతికో పరిశోధనమునకై పోయిన విద్యార్థి యొంటరివాఁడు గాఁడు. పూఁత రాలిన యేఁటి యప్పు, పెండ్లి కెదిగిన చెల్లెలు, తోఁట కాచుకొను నోపిక తగ్గిన తండ్రి, ఇవి యన్నియు నాతని సిద్ధాంతగ్రంథమున నచ్చుపడని యధ్యాయములు. కావున విడుచుటయా నిలుచుటయా యను సంశయము వానికిఁ బుస్తకప్రశ్నము మాత్రమే గాదు, బ్రతుకుప్రశ్నము.

శాస్త్రమున దొరకు కొలబద్దలు

ఇట్టి సంశయమును దీర్చుకొనుటకు వ్యాకరణశాస్త్రమునఁ గొన్ని కొలబద్దలు కలవు. సూత్రకారుఁడు లాఘవము కొఱకు ఒక సూత్రమునందలి పదమును దరువాతి సూత్రములలో మరలఁ జెప్పఁడు, అది యనువర్తించును. దీనికి అనువృత్తి యని పేరు. ఒకచోట నది నిలిచిపోవును; దానికి నివృత్తి యని పేరు. కొన్నియెడల నడుమనున్న సూత్రములను దాఁటి, కప్ప గంతువేసినట్లు దూరసూత్రమునఁ బదము మరలఁ గానవచ్చును. దానిని మండూకప్లుతి యందురు. ఎంతవఱకు అనువృత్తి, ఎచ్చట నివృత్తి యనునది కంటికిఁ గనఁబడదు, వ్యాఖ్యానమువలననే తెలియును. మనుజుని యధ్యయనమును నిట్టిదే. పేరు పట్టికనుండి తొలఁగినంత మాత్రమున జిజ్ఞాస నివర్తించె ననరాదు. పట్టికలో నిలిచినంత మాత్రమున అనువర్తించుచున్న దనరాదు.

రెండవ కొలబద్ద బలాబలవిచారము. తుల్యబలములైన విధులు రెండు విరోధించినచోఁ బరవిధికిఁ బ్రాబల్యము. కాని యీ నియమము సమానబలము గలచోటనే చెల్లును. అంతరంగమును బహిరంగమును దటస్థించినచో అంతరంగమే గెలుచును. తరువాతఁ బుట్టిన కోరిక గావున క్రొత్తదారియే మేలనుట మొదటి నియమమును సగము చదివినవాని మాట. క్రొత్తకోరిక మొదటిదానితో సమానబలము గలదియా, ఆ కోరికకు హేతువు లోపలిదా వెలుపలిదా యని యడుగక పరవిధిని జెప్పరాదు. తోడివాఁడు విదేశమున సంపాదించుచున్నాఁ డనుట బహిరంగము. తనప్రశ్నమునకుఁ దనలో ప్రాణము పోయిన దనుట అంతరంగము. అయినను ఇచ్చట నొక జాగ్రత్త వలయును. ఆఁకలి బహిరంగ మని పండితుఁ డనవచ్చును, ఆఁకలిగొన్నవాఁ డనఁడు. శరీరమును, కుటుంబమును నిలుపుకొనుట సర్వవిధులకును మునుపటి విధి. దానివలన విడిచినవానికి దోషము లేదు.

నాలుగు తీరుల చరిత్రలు

ఈ కొలబద్దలతోఁ గొందఱి చరిత్రలను బరిశీలింపఁదగును. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950), దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) చర్ల బ్రహ్మయ్యశాస్త్రికి శిష్యులు. వేంకటశాస్త్రి వ్యాకరణాధ్యయనమునకై కాశికిఁ గూడఁ బోయివచ్చినవాఁడు. అట్టి చదువునకు సహజమైన ఫలము పాఠప్రవచనము, శాస్త్రసభలు. ఆ యిరువురును దానిని గాక, అష్టావధాన శతావధానముల దారిఁ బట్టి సంస్థానములఁ దిరిగిరి. పైకిఁ జూచినచో శాస్త్రమునుండి వినోదమునకు దిగినట్లుండును. కాని అవధానమున నిషిద్ధాక్షరి యనఁగా నేమి? పృచ్ఛకుఁ డడుగడుగునఁ దోఁచిన యక్షరమును నిషేధించుచుండఁగా, శబ్దసాధుత్వమును, ఛందస్సును, అర్థమును జెడకుండ మఱియొక రూపమును దక్షణమే తెచ్చుట. పీఠముమీఁద సూత్రమును వ్యాఖ్యానించువానికి యోచించుటకు రాత్రి కలదు. అవధానికి నిమేషము లేదు. కావున వ్యాకరణమిచ్చట విడువఁబడలేదు; వ్యాఖ్యానరూపమును వదలి ప్రయోగరూపమును దాల్చినది. పిదప వేంకటశాస్త్రి బందరున నుపాధ్యాయుఁడై విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు వంటి శిష్యులకు గురువయ్యెను. 1949లో మద్రాసు ప్రభుత్వమువారి యాస్థానకవి యయ్యెను. పాఠప్రవచనమును దాఁటిపోయినవాఁడు మరల దానికే వచ్చుట మండూకప్లుతికి మంచి యుదాహరణము.

కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) చరిత్ర వేఱు. తెనాలివాఁడగు నాతఁడు విజయనగరమున భౌతికశాస్త్రముతో బి.ఏ. ముగించి, అదే శాస్త్రమున నెమ్మెస్సీ కొఱకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునఁ జేరెను. 1929లో నారంభమైన యార్థికమాంద్యము ఆ చదువును నడుమ నిలిపివేసినది. ఇది డాక్టరేటు గాదు గాని విచారమున కదే జాతికిఁ జెందినది. ఇచ్చట విడిచినవాఁడు విద్యార్థియా, విద్యార్థిని విడిచినది కాలమా యని యడుగవలసియున్నది. నిర్ణయ మనఁబడునది పెక్కుమాఱులు నిర్ణయము గాదని యీ చరిత్ర తెలుపును. ఆతని ‘చదువు’ నవలయందు సుందర మనువాని విద్యాకథ అక్షరాభ్యాసము మొదలు సాఁగుచు, మాంద్యకాలపు మధ్యతరగతి జీవితము వఱకుఁ బోవును. ఆ నవలకు బలము కథలో లేదు. చదువను పదమునకు గల యర్థములను వేర్వేఱుగా విడఁదీయుటలోఁ గలదు. పెద్దలకుఁ జదువన్న నుద్యోగము. బడికిఁ జదువన్నఁ బరీక్ష. లోకానుభవ మిచ్చు చదువు వేఱు. ఈ మూఁడును ఒకే మాటతోఁ బిలువఁబడుటవలనఁ గలుగు చిక్కునే రచయిత చూపించెను. నవలలో నుద్రేకము తక్కువ, ఉపన్యాసధోరణి యక్కడక్కడ నెక్కువ యను ఆక్షేపము చేయవచ్చును. అయినను హేతువునుండి ఫలమునకు నడుచు నా యెడతెగని వచనమున, ప్రయోగశాలను విడిచినవాని శాస్త్రబుద్ధి విడువకున్నది. 1952 మొదలు తుదివఱకుఁ జందమామ సంపాదకత్వమునఁ బిల్లలకు నాతఁ డందించిన నిరాడంబరవచనమునందును అదే గుణము. పట్టమునకు నివృత్తి, దృష్టికి అనువృత్తి.

మూఁడవ తీరు మఱింత విచిత్రము. ఆరుద్ర (1925–1998) విజయనగరపుఁ గళాశాలను నడుమ వదలి వాయుసైన్యమునఁ బనిచేసి, ‘త్వమేవాహం’ వ్రాసి, చలనచిత్రములకుఁ బాటలు గట్టెను. ఇట్టివాఁడు 1960ల దశకమునఁ బ్రకటింపనారంభించిన ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యము’ రాజవంశముల కాలవిభాగముతో సంపుటము వెంట సంపుటముగా సాఁగినది. పండితులు దానిలో దొరసులు చూపవచ్చును; చమత్కారముకొఱకుఁ బ్రమాణమును దేల్చివేసిన చోట్లును గలవనవచ్చును. కాని కావ్యములనే గాక వానిచుట్టునున్న రాజకీయ సాంఘిక జీవితమును గూర్చి చదువరికి రుచి పుట్టించిన పొత్తమది. పట్టమునకై వ్రాసినదయ్యెనేని ఏదో యొక కవికో, ఒక శతాబ్దికో పరిమితమై యుండెడిది. ఇట్లే మల్లంపల్లి సోమశేఖరశర్మ (1891–1963) పెద్దపట్టములు లేకయే శాసనములఁ జదివి, రెడ్డిరాజ్యములచరిత్రమును వ్రాయఁగా 1948లో నాంధ్రవిశ్వకళాపరిషత్తే దానిని బ్రకటించినది. వీరు పరిశోధనాలయద్వారమునఁ బోక కిటికీనుండి వచ్చినవారు గారు. ఇల్లు గట్టినవారిలోఁ జేరినవారు.

ఈ మూఁడు తీరులను మాత్రమే చూచి, విడుచుటయే ఘనత యనుకొనుట పొరపాటు. నిలిచినవారి చరిత్రలును గలవు. భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1957లో డాక్టరేటు నందెను. తెలుఁగు ధాతువులపై నాతని గ్రంథము 1961లోఁ బ్రకటితమై, ద్రావిడభాషాశాస్త్రమున నొక ప్రమాణమయ్యెను. ధాతువు వెంట ధాతువును సోదరభాషలతోఁ బోల్చి, ధ్వనిపరిణామమును నిర్ణయించు పని యూహాశక్తితో నొక రాత్రిలో నగునది గాదు; గురువు, గ్రంథాలయము, కాలము, క్రమశిక్షణ యను నాలుగును వలయును. ఆ నాలుగింటిని విశ్వవిద్యాలయమే యీఁగలదు. ఇట్టి ప్రశ్నము గలవాఁడు విసిగి లేచిపోయినచో ఆ ప్రశ్నమే యనాథ యగును. సి. నారాయణరెడ్డి (1931–2017) యైతే విడుచుటకుఁ దగిన సాకు లన్నియుఁ గలవాఁడు. కవిగాఁ బేరు వచ్చెను. 1962లో ‘గులేబకావళి కథ’తోఁ జలనచిత్రగేయరచనలోఁ బ్రవేశించెను. ఆ సంవత్సరముననే ఆధునికాంధ్రకవిత్వమునందలి సంప్రదాయ ప్రయోగములపైఁ దన పరిశోధనకు డాక్టరేటును నందెను. ఆతని సిద్ధాంతగ్రంథము గ్రంథాలయపు బీరువాలో నిదురింపక, పాఠ్యముగను, ప్రమాణముగను నేఁటికిని జదువఁబడుటకుఁ గారణ మున్నది. సంప్రదాయమెంత, ప్రయోగమెంత యనునది ఆతని కవిజీవితమునకే సొంతమైన ప్రశ్నము. రెండుదారులును ఒకే యూరికిఁ బోవునపుడు ఒకదానిని విడువవలసిన పని లేదు.

ఆక్షేపము, సమాధానము

ఇచ్చట నొక ఆక్షేపము పుట్టును. విడిచి గెలిచినవారి పేర్లే చరిత్రలో నిలుచును; విడిచి యేమియుఁ గాకపోయినవారిని లెక్కించినవా రెవరు? ఒక్క యారుద్రను జూపి వేయిమందిని త్రోవ తప్పించుట న్యాయమా? ఆక్షేపము బలమైనదే. కాని యది రెండువైపులఁ గోయు కత్తి. నిలిచి గెలిచినవారి పేర్లును అట్లే నిలిచినవి. పట్టమునొంది యటుపై నొక్క పుటయు వ్రాయనివారిని లెక్కించినవారును లేరు. తెలుఁగున వెలువడిన సిద్ధాంతగ్రంథములలో ‘జీవితము – కృతులు’, ‘ఒక పరిశీలనము’ అను మూసలోఁ బోసినవి తక్కువ గావు. వానిలోఁ గొన్ని యుత్తమములు. కాని పెక్కింట విషయము కలదు, సంశయము లేదు. సంశయము లేక పూర్వపక్షము లేదు. పూర్వపక్షము లేక సిద్ధాంత మెట్లు పుట్టును? విషయమును మార్గదర్శకుఁడు సూచింపఁగా, సామగ్రి సమకూర్పఁబడి, కట్టుకట్టి సమర్పింపఁబడును. పట్టమువచ్చిన మఱునాఁడే జిజ్ఞాసకు నివృత్తి. లోకము వీనిని ముగించినవాఁ డనును. శాస్త్రదృష్టిచేత విడిచినవాఁడు వీఁడే.

కావున ఫలమును బట్టి తీర్పుచెప్పుట కుదురదు. హేతువును బట్టియే చెప్పవలయును. ఈ హేతువివేకమును ఆగిరిపల్లి తోఁటకాపు పండితునికంటెఁ దేటగా నెఱుఁగును. చెట్టు కాయకున్నచో నాతఁడు వెంటనే గొడ్డలి నెత్తఁడు. మామిడి యొకయేఁడు విరివిగాఁ గాచి మఱుసటియేఁడు వెనుకంజ వేయుట దాని స్వభావము. కాపులేని యేఁడు చెట్టు చచ్చినట్లు గాదు. రెండవది, చెట్టు బలముగానున్నను జాతి గిట్టుబాటు కాకుండుట. అప్పుడు కొమ్మలఁ గొట్టి, క్రొత్తగాఁ బుట్టిన చిగుళ్లకు వేఱుజాతి యంటు గట్టుదురు. వేరదే, మ్రానదే, పండు మాఱును. మూఁడవది, వేరే చెడుట. అప్పుడు పెఱికి వేఱొక పైరు పెట్టుట తప్పదు. ఆ సీమలో మామిడి తీసి ఆయిల్‌పాము నాటినవారును గలరు. పరిశోధకుని విసుగు చాలవఱకు మొదటి జాతిది. మూఁడవయేఁట సామగ్రి కుప్పవడి, వ్రాఁత సాగక, వ్రాసినది తనకే రుచింపక పోవుట కాపులేని యేఁడు మాత్రమే. ఆ యేఁటనే తీర్పు చెప్పుకొనరాదు. చెళ్లపిళ్లవారిది, కుటుంబరావుది రెండవజాతి, అంటుమార్పు. ప్రశ్నమునందే ప్రాణము లేదని తెలిసినవానిది మూఁడవజాతి. వాఁడు గడువు పొడిగించుకొని కూరుచుండుట తోఁటకును మేలుగాదు, తనకును మేలుగాదు.

విడిచివచ్చినవాఁడు తోఁటకే మరలినను బరిశోధనమునకు నివృత్తి కానక్కఱలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపుఁ దొలిసంపుటము వ్యవసాయపదములది. ఆ పదము లన్నియుఁ గాపువాని నోటనుండి వచ్చినవే. పూఁతనుండి పిందెవఱకు, అంటునుండి కోఁతవఱకు, కావిళ్లనుండి మండీవఱకు మామిడితోఁటలో వినవచ్చు మాట లెన్నియో యిప్పటికిని నిఘంటువుల కెక్కవలసియున్నవి. రసములు పోయి వేఱుపైరు వచ్చినచోఁ జెట్టుతోఁ గూడ మాటయుఁ బోవును. శబ్దశాస్త్రము చదివి, ముగింపక, ఆగిరిపల్లికి వచ్చినవాఁడు దినమున కొక మాటను వ్రాసియుంచినచో, వానియందు అధ్యయనము మండూకప్లుతితో మరలఁ గానవచ్చినదని వ్యాఖ్యాతలు చెప్పఁగలరు.

విశ్వవిద్యాలయములకును సాహిత్యసంఘములకును ఇందుఁ గర్తవ్యము కలదు. నడుమ విడిచినవాని సామగ్రి, చదివిన శాసనములు, సేకరించిన పదములు, వ్రాసిన యొకటి రెండధ్యాయములు నేఁడు పెట్టెలలో మూలుగుచున్నవి. అవి వాని పేరుతోనే భద్రపఱుపఁబడి, తరువాతివానికి లభింపవలయును. అట్లయినచో ఒకని నివృత్తి మఱియొకని కనువృత్తి యగును. విడుచుటయందుఁ గల సిగ్గును సగము తగ్గును. విద్యార్థియు సంవత్సరములను, వేతనమును, పరిహాసమును లెక్కించుటకు ముందు ఈ యొక్క ప్రశ్నమును దన్ను దా నడుగుకొనవలయును: రేపు పట్టికలో దనపేరు లేకున్నను తానీ ప్రశ్నమును వెంటఁ దీసికొనిపోవునా? పోవు నన్నచో నిలుచుటయు మేలే, విడుచుటయు మేలే. ఇంటిస్థితిని బట్టి నిర్ణయించుకొనవచ్చును. పోదన్నచోఁ బట్టము వచ్చినను పరిశోధనము రాలేదని తెలియవలయును. పట్టము నొందినవారిని, విడిచినవారిని ఒక్క కొలబద్దతోఁ గొలుచుట యుచితమో కాదో విజ్ఞులు విచారింతురుగాక.